రెండోదే బాగుంది

ముప్పై నాలుగో నంబరు వాళ్ళు కౌంటరు దగ్గర ఇంకా తెమలడం లేదు, తన చేతిలో ఉన్నదేమో అరవై ఒకటి, అంటే ఎంత లేదన్నా ఇంకో గంట, ఆ గంటలో ఈ ఫారం నింపాలి, నింపడానికి ఏముంది, పేరు రాసింది, వయసు పదకొండు అని రాసింది, తరగతి రాసింది, ఇంటి చిరునామా రాసింది, రక్తం గ్రూపు కూడా ఎవర్నీ అడక్కుండా రాసింది, అది రాసేటప్పుడు కాస్త గర్వంగా కూడా అనిపించింది, చూశారా నా కూతురి గురించి నాకెంత తెలుసో అని, ఆ తర్వాతి గడి దగ్గరే కలం ఆగిపోయింది. ‘మీ బిడ్డకు ఇష్టమైనవి ఏవి?’ అని ఉంది అక్కడ. రాసుకోవడానికి మూడు గీతలు కూడా ఇచ్చారు. మూడు గీతలు! మొదటి గీత మొదట్లో కలం ఆనించి తీసిన చుక్క ఒకటి ఉంది, అంతే. కళ్ళద్దాల దుకాణంలో రోజుకు పాతికమంది కళ్ళలోకి తొంగిచూసి, ఎవరికి ఏ అక్షరం దాకా కనిపిస్తుందో గుక్కతిప్పుకోకుండా చెప్పేసే మనిషి, కన్నకూతురి ఇష్టం చెప్పమనేసరికి నీళ్ళు నమిలింది.

కూతురు పక్క కుర్చీలోనే ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, ఎవరో ఫొటో తీస్తామంటే కూర్చున్నట్టు కూర్చుంది. హాలు నిండా తల్లులూ తండ్రులూ, వాళ్ళ మోకాళ్ళ మధ్య పిల్లలూ, గోడకు ఈ వేసవి తరగతుల పట్టిక, ఈత, బొమ్మలు, చదరంగం, నాట్యం, స్కేటింగు, కంప్యూటరు, చేతిరాత, ఎనిమిది వారాలు, రోజుకు రెండు గంటలు, పన్నెండింటికి కౌంటరు మూసేస్తారు, ఆ తర్వాత దేవుడొచ్చినా చేర్చుకోరు. ముందు వరసలో ఒక పిల్లాడు స్కేటింగు కావాలని నేలమీద పడి దొర్లుతున్నాడు, వాళ్ళమ్మ చదరంగం అంటోంది, వాడు కాళ్ళు కొట్టుకుంటున్నాడు, ఇంత అల్లరా బాబూ అని పక్కావిడ చెవులు మూసుకుని, ఇటు తిరిగి, “మీ పాప ఎంత బుద్ధిమంతురాలండీ, కూర్చోబెట్టిన చోట కూర్చుంది” అంది. ఇదే మాట పోయిన నెల ఎవరైనా అని ఉంటే ఈమె వెన్నలా కరిగిపోయేది. అత్తగారు కూడా ఎప్పుడూ అదే అంటుంది, నోట్లో నాలుక లేని పిల్ల, అంతా మా వాడి పోలికే అని. లిఫ్టులు బాగుచేసే ఆ వాడు, అంటే ఈమె మొగుడు, పొద్దున బయల్దేరుతూ ఇంకో మాట అన్నాడు, “ఏదో ఒకటి రాసిపారెయ్, మన మునీశ్వరి దేనికీ పేచీ పెట్టదు” అని. అందరికీ అది బంగారు తల్లి. పోయిన ఆదివారం దాకా ఈమెకూ అంతే. ఇవాళ మాత్రం బుద్ధిమంతురాలు అన్న మాట ముల్లులా దిగింది.

ఆదివారం చెల్లెలు వచ్చింది. కిందటి వేసవిలో ఈమె దుకాణంలో ఉంటే పిల్లను రోజూ ఈతకొలనుకు తీసుకుపోయి తీసుకొచ్చింది ఆ పిన్నే. ఈసారి కూడా ఈతే అనుకుంటా అని మాటవరసకు ఈమె అనగానే గిన్నె తుడుస్తున్నది తుడుస్తున్నట్టే ఆపి, “అక్కా, నీకు దండం పెడతా, దాన్ని మళ్ళీ ఆ నీళ్ళలో వెయ్యకే. రెండు నెలలూ అది గట్టు పక్కన కడ్డీ పట్టుకునే నిలబడింది. తల ఒక్కసారి ముంచలేదు. బట్టలు మార్చుకునే గదిలో ఏడ్చేది. అమ్మకు చెప్పొద్దు పిన్నీ అని ఒట్టేయించుకుంది” అంది. ఏడాదిపాటు నోరెలా కుట్టేసుకున్నావే అని చెల్లెల్ని కడిగేసింది గానీ, కోపం చెల్లెలి మీద కాదని కడిగేటప్పుడే తెలుసు. రెండు నెలలు. రోజూ సాయంత్రం తడిజుట్టుతో ఇంటికొచ్చిన పిల్లను, ఎలా ఉంది ఈత అని అడిగితే, బాగుందమ్మా అనేది. ఆ జుట్టు ఎలా తడిసినట్టు మరి? కుళాయి కింద తడుపుకుందా? పదేళ్ళ పిల్ల తల్లి సంతోషం కోసం రోజూ కుళాయి కింద తల పెట్టిందా? పోనీ తను బలవంతం చేసిందా అంటే అదీ లేదు, దబాయించే తల్లి కాదు తను, తన తల్లిలా తను ఉండకూడదని ఎప్పుడో గట్టిగా అనుకుంది, అందుకే ఏదైనా పిల్లనే అడుగుతుంది, శుభ్రంగా అడిగింది కూడా, బొమ్మలు నేర్చుకుంటావా, ఈత నేర్చుకుంటావా అని. ఈత, అంది పిల్ల. తన నోటితోనే అంది. మరి ఎందుకలా అంది? ఈ ప్రశ్న వారం రోజులుగా బుర్ర తొలుస్తోంది. ఈ వేసవిలో ఇంకెక్కడా ఇంకే కడ్డీ పట్టుకుని నిలబడటానికి వీల్లేదు ఈ పిల్ల, అది మాత్రం ఒట్టు, కానీ నిలబడకుండా ఉండాలంటే ఇష్టమేదో తెలియాలి, తెలియాలంటే అడగాలి, అడిగితే అది తనకు ఇష్టం లేనిదే చెబుతుంది. ఇదేం చిక్కుముడి!

ముప్పై ఎనిమిది పిలిచారు. ఎండ కిటికీలోంచి వాళ్ళ మోకాళ్ళ మీదకు వచ్చింది. ఇక్కడే ఉందామా, ఆ ఫ్యాను కిందకు పోదామా అని అడిగింది. ఫ్యాను కిందకు, అంది పిల్ల. లేచి వెళ్ళారు. దాహంగా ఉందేమోనని, నీళ్ళు తాగుతావా, జ్యూసు తాగుతావా అంది. జ్యూసు, అంది పిల్ల. బయట బల్ల దగ్గర కొని తెచ్చి ఇస్తే రెండు గుటకలు వేసి, మిగిలింది చేతిలోనే పట్టుకుని కూర్చుంది. సరే అసలు సంగతికే వద్దామని ఫారం ముందు పెట్టి, బొమ్మలు రాద్దామా, చదరంగం రాద్దామా అంది. చదరంగం, అంది పిల్ల, క్షణం కూడా ఆలోచించకుండా, చిరునవ్వుతో. కలం గడి దాకా వెళ్ళింది. వెళ్ళి ఆగింది. చెవిలో ఏదో గిలిగింత పెట్టినట్టయింది. ఇదెక్కడో విన్నాను, రోజూ వింటూనే ఉన్నాను, ఎక్కడ, ఎక్కడ అని వెతుక్కుంటే, ఎక్కడో కాదు, దుకాణంలో చీకటిగది, ఎత్తు కుర్చీ, గడ్డం ఆనించి కూర్చున్న ఎవరో పెద్దాయన, ఇది బాగుందా, ఇది బాగుందా, ఒక అద్దం, ఇంకో అద్దం, ‘రెండోదే బాగుంది.’ మళ్ళీ ఇది, మళ్ళీ ఇది, ‘రెండోదే బాగుందమ్మా.’ అలసిపోయిన మనుషులందరూ అలాగే చెబుతారు. పనిలో చేరిన కొత్తల్లో ఆ మాట నమ్మి ఒకాయనకు తప్పు నంబరు రాసింది, ఆయన కొత్త అద్దాలు పెట్టుకుని దుకాణం మెట్లమీదే తూలాడు. అప్పుడు అక్కడి సీనియరు, జుట్టు మొత్తం తెల్లబడ్డా ఒక్క అక్షరం తప్పు చదవని మనిషి, తలుపు వేసి మరీ పాఠం చెప్పింది. “రెండోది రెండోది అంటుంటే అద్దాలు తిప్పి పెట్టు. అప్పుడూ రెండోదే అన్నాడంటే వాడు చూడటం మానేశాడన్నమాట. ఇంకోటి, రెంటినీ ఒకే గొంతుతో అడుగు. నీకు జవాబు తెలిసిన చోట నీ గొంతు తీపెక్కుతుంది. మనిషి అద్దాన్ని చూడడు, నీ గొంతునే వింటాడు.”

అప్పట్నుంచీ దుకాణంలో ఒక్కరోజు కూడా తిప్పకుండా అడగలేదు తను. ఇంట్లో? ఇంట్లో ఎప్పుడైనా తిప్పిందా? పోనీ తను ఉత్తినే లేనిపోనివన్నీ ఊహించుకుంటోందేమో, చూద్దాం, పోయేదేముంది అని, ఏమీ ఎరగనట్టు ఫారం మడతపెట్టి, విప్పి, చదరంగం రాద్దామా, పోనీ బొమ్మలు రాద్దామా అంది. “బొమ్మలు” అంది పిల్ల, అదే చిరునవ్వుతో. అమ్మ దొంగా! నవ్వొచ్చింది ఈమెకు, నవ్వొచ్చిన చోటే ఏడుపూ వచ్చింది. ఇంకొక్కసారి, ఈసారి నిజంగా దుకాణం గొంతుతో, పాపం పుణ్యం ఎరగని గొంతుతో, చదరంగం, బొమ్మలు, అని రెంటినీ సమానంగా, తూకం వేసినట్టు పలికి ఊరుకుంది. పిల్ల చిరునవ్వు ఆగిపోయింది. తల్లి కళ్ళవైపు చూసింది, కనుబొమలవైపు చూసింది, పెదవులవైపు చూసింది, అక్కడెక్కడా ఏమీ దొరక్క, దారి తప్పినదానిలా మెల్లిగా, “నీకేది బాగుంటుందమ్మా?” అంది.

ఇక జ్ఞాపకాలు వరసకట్టి రావడం మొదలుపెట్టాయి, పిలవకుండా వచ్చిన చుట్టాల్లా ఒకళ్ళ వెనక ఒకళ్ళు. పచ్చ గౌనా నీలం గౌనా, నీలం. నీలమంటే తనకు ప్రాణం. దగ్గర బడా, ఆ కొండమలుపు బడా, కొండమలుపు బడి. ఆ బడిలో తోట ఉందని తను మురిసిపోయింది. జుట్టు పొట్టిగా కత్తిరిద్దామా, జడ వేద్దామా, జడ. నాన్నతో ఆటకు పోతావా, అమ్మతో ఇంట్లో ఉంటావా, అమ్మతో. ప్రతిసారీ తనకు నచ్చింది రెండోదిగా, కాస్త సాగదీసి, కాస్త తీపి పూసి అడిగింది, కావాలని కాదు, ఒట్టు, కావాలని కాదు. ఈత కూడా అంతే కదా, తను చిన్నప్పుడు ఈత నేర్చుకుంటానంటే తన తల్లి ఆడపిల్లకు ఎందుకని కసిరింది, ఆ కసురు ముప్పై ఏళ్ళు కడుపులో దాచుకుని కూతుర్ని అడిగినప్పుడు ‘ఈత’ అన్న మాట ఎంత ముద్దుగా పలికి ఉంటుందో. పిల్ల ఈతను ఎంచుకోలేదు, అమ్మ గొంతును ఎంచుకుంది. తన తల్లి గద్దించి చేయించింది, తను బతిమాలకుండా, గద్దించకుండా, అడిగి మరీ చేయించింది. ఏది నయం? తన తల్లి మీద తను కనీసం అలిగేది. ఈ పిల్లకు అలగడానికి కూడా సందు లేకుండా చేసింది కదా, నిన్నే అడిగాను కదే, నువ్వే అన్నావు కదే అని.

నలభై ఆరు. పక్కావిడ తన కొడుక్కి మూడు తరగతులు రాయించేసి వెళ్ళిపోయింది, ఖాళీగా ఉంటే పిల్లలు పాడైపోతారంటూ. ఫారంలో మూడు గీతలూ అలాగే ఉన్నాయి. సరే, అడిగితే లాభం లేని వాళ్ళు దుకాణానికి రారా? వస్తారు. చంటిపిల్లలు వస్తారు. అక్షరాలు రావు, మాటలు రావు, ఇది బాగుందా అని అడిగితే చొంగ కారుస్తారు. వాళ్ళకు కూడా నంబరు కనుక్కుంటుంది తను, ఎలా, గీతలాంటి సన్నటి వెలుగు కంట్లోకి వేసి అటూ ఇటూ కదిపి, లోపలి వెలుగు ఎటు కదులుతుందో చూస్తుంది. ఒక్క మాట అడగదు. కన్ను తన సంగతి తనే చెప్పేస్తుంది. ఈ ఆలోచన రాగానే ఈమెకు, దుఃఖంలో ఉండాల్సిన మనిషికి, ఉన్నట్టుండి ఎక్కడలేని హుషారు వచ్చింది. పదకొండేళ్ళుగా ఇంట్లో తిరుగుతున్న ఈ పిల్ల ఎవరో, ఏమిటో, ఎటు కదులుతుందో చూద్దామని మహా కుతూహలం పుట్టింది. “నేనిక్కడ కూర్చుంటా, నువ్వలా తిరిగి రాపో” అంది. ఎక్కడికి అన్నట్టు చూసింది పిల్ల. ఈమె జవాబు చెప్పకుండా కళ్ళు మూసుకుని, నిద్రొస్తున్నట్టు తల వెనక్కి వాల్చింది. కాసేపటికి పక్క కుర్చీ కిర్రుమంది. ఒక కన్ను కొంచెం తెరిచింది.

ముందు పిల్ల పట్టిక దగ్గరకు వెళ్ళింది, మర్యాదకన్నట్టు. చదవలేదు. బొమ్మల తరగతి వాళ్ళు తగిలించిన సూర్యోదయాలూ పడవలూ దాటి పోయింది, చదరంగం బల్ల దాటి పోయింది, అక్కడ ఒక బంటు కిందపడి ఉంటే తీసి పెట్టి పోయింది. స్కేటింగు పిల్లాడు ఇప్పటికి నిద్రపోయాడు, వాడి మీదుగా అడుగేసి పోయింది. అయ్యో, ఏదీ అంటుకోవడం లేదే, నిజంగా ఏ ఇష్టమూ లేని పిల్లేమో, ఇష్టమనే దాన్నే తను చంపేసిందేమో అని ఈమెకు భయం పట్టుకుంటున్న సమయానికి, హాలు చివర పక్కవసారాలో ఓరగా తెరిచి ఉన్న తలుపు దగ్గర పిల్ల ఆగింది. ఊరికే ఆగడం కాదు. మెడ చాచింది. ఒక కాలు ఇంకో కాలి వెనక పెట్టుకుని, కొంగలా నిలబడింది. కళ్ళ పరీక్ష చేసే మనిషికి తెలియదా, చూపు ఎక్కడైనా ఆనితే ఒళ్ళు ఎలా మారుతుందో! నిద్ర నాటకం మానేసి లేచింది ఈమె. కుర్చీలో సంచీ పెట్టి, గోడవారగా, దొంగలా నడిచింది.

గదిలో ఏడెనిమిది మంది, అందరూ పెద్దవాళ్ళే, ఉద్యోగాలు చేసి మానేసిన వయసు వాళ్ళు, ఒక్కొక్కరి ముందూ ఒక్కో ఇనప కుర్చీ, కూర్చునే భాగం మాయమై చట్రం మాత్రమే మిగిలినవి, వాటికి రంగురంగుల ప్లాస్టిక్ వైర్లు అల్లుతున్నారు. నేర్పే మనిషి దగ్గరిచూపు అద్దాలు నుదుటి మీదకు తోసేసి గుడ్డిగా అల్లుతున్నాడు, వృత్తి జబ్బు కదా, ఈమెకు ముందు అదే కనిపించింది. ఆ తర్వాత కనిపించాయి కూతురి చేతులు. గౌను పక్కన కిందకు వేలాడుతున్న ఆ వేళ్ళు కదులుతున్నాయి, కింద నుంచి, పైనుంచి, కింద నుంచి, పైనుంచి, ఎవరూ చూడటం లేదనుకుని. ఈ పిల్ల ఇంట్లో గోనెసంచీ దారాలు లాగుతుంది, దువ్వెన పళ్ళ మధ్య దారం తిప్పుతుంది, ఆ చెత్త పారెయ్యమని తను ఎన్నిసార్లు అంది, పారెయ్యి అన్నప్పుడల్లా పారేసింది కూడా. తలుపుకు దగ్గరగా కూర్చున్న ముసలావిడ వైరు బిగించి లాగి, హమ్మయ్య అనుకుంది. అప్పుడు వినబడింది ఆ గొంతు.

“మామ్మగారూ, అది తప్పు.”

ఎవరిదా గొంతు అని ఈమె వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. “ఏదీ?” అంది ముసలావిడ. “మూడో వరస. కింద నుంచి పోవాల్సింది పైనుంచి పోయింది.” ముసలావిడ వంగి చూసి, అవునే అని బుగ్గ నొక్కుకుని, పోనీలే అమ్మా, దానిమీద కూర్చుంటే కనపడుతుందా ఏమన్నానా అంది. “కనపడకపోయినా తప్పే. అక్కడిదాకా విప్పాల్సిందే” అంది నోట్లో నాలుక లేని పిల్ల, జాలీ దయా లేకుండా. తల్లి గోడకు ఆనుకుంది. ఆ గొంతులో తీపి లేదు, భయం లేదు, ఎవరి ముఖంలోకీ చూసి అన్న మాట కాదు. తన కూతురికి ఇలాంటి గొంతొకటి ఉందని తెలియకుండా పదకొండేళ్ళు ఒకే కప్పు కింద ఉంది తను. ఇంకేం అంటుందో, ఇంకేం అంటుందో అని చిన్నపిల్లలా చెవి రిక్కించింది. వినేలోపే హాల్లో అరవై ఒకటి అని కేకేశారు.

కౌంటరులో గుమస్తా తల ఎత్తలేదు. ఏ తరగతి అంది. ఈమె కూతుర్ని ముందుకు నిలబెట్టి, ఏం రాయమంటావు అని అడిగింది, అంతే అడిగింది, రెండు పేర్లు చెప్పలేదు. పిల్ల అలవాటుగా తలెత్తి అమ్మ ముఖంలోకి చూడబోయింది. ఈమె ముఖం తిప్పేసుకుని గోడ గడియారంవైపు చూస్తూ నిలబడింది, పదకొండు నలభై, పదకొండు నలభై ఒకటి, మెడ నొప్పెడుతున్నా తిప్పలేదు. వెనక వరస గొణుగుతోంది. ఎట్టకేలకు, “ఆ గదిలో కుర్చీలు అల్లేది” అన్న మాట, పీలగా, కౌంటరు అంచు దగ్గర్నుంచి వచ్చింది. గుమస్తా అప్పుడు తల ఎత్తింది. అది పిల్లలది కాదంది, పెద్దవాళ్ళదంది, పద్దెనిమిది నిండాలంది. “సరేనండి” అంది ఈమె. నోరు దానంతటదే అనేసింది, దుకాణంలో యజమానికి అన్నట్టు, అత్తగారికి అన్నట్టు, అన్నాక నాలుక కరుచుకుంది గానీ మాట వెళ్ళిపోయింది. “అయితే బొమ్మలా, చదరంగమా, తొందరగా చెప్పండి” అంది గుమస్తా. “రెండూ వద్దు” అంది పిల్ల. వద్దు! వెనకున్నాయన ఫారం అప్పుడే వాళ్ళ భుజం మీదుగా ముందుకు వచ్చేసింది.

బయట మెట్లమీద ఎండ మండుతోంది. పిల్ల చెయ్యి అందించలేదు. రెండు మెట్లు ముందు దిగి, గిర్రున తిరిగి నిలబడింది. ముఖం కందగడ్డ. కళ్ళలో నీళ్ళు, ముక్కుపుటాలు అదురుతున్నాయి. “నువ్వెందుకు సరేనన్నావు? కాస్త గట్టిగా అడగొచ్చు కదా! అడక్కుండానే సరేనంటావు! ఎప్పుడూ అంతే నువ్వు!” అని అరిచింది, వీధిలో, పదిమందీ వినేలా. మెట్ల కింద ఎవరో తిరిగి చూశారు. బుద్ధిమంతురాలైన పిల్ల తల్లికి సిగ్గు వెయ్యాల్సింది. ఆమెకు మాత్రం ఒళ్ళంతా చల్లబడినట్టయింది, ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూస్తున్న మనిషి ఇంటికొచ్చినంత సంబరం వేసింది, ఆ సంబరాన్ని బయటపెడితే పిల్ల దాన్ని కూడా చదివేసి సర్దుకుపోతుందేమోనని భయపడి, నవ్వు రాకుండా పళ్ళు బిగబట్టుకుంది. కోపం తెప్పిస్తే కోపం రావాలి మనిషికి. వచ్చింది. దేవుడా, వచ్చింది. గుమస్తా ఒప్పుకుంటుందో లేదో, ఆ నేర్పే మనిషిని బతిమాలితే మూల కూర్చోనిస్తాడో లేదో, ఏమో. పన్నెండు కాలేదింకా.

“అయితే నువ్వడుగుతావా?” అంది.

పిల్ల మోచేత్తో ముక్కు తుడుచుకుంది. ఆలోచించింది, ఎవరి ముఖమూ చూడకుండా, మెట్లవైపు చూస్తూ. ఆ తర్వాత తల్లిని దాటుకుని, రెండేసి మెట్లు చొప్పున పైకెక్కి, తలుపు రెక్క పట్టుకుని వెనక్కి తిరిగింది.

“అడుగుతా. నువ్వు పక్కన నిలబడు. మధ్యలో సరేనండీ అనకు.”

సరే అనబోయి, చటుక్కున నోరు మూసుకుని, తల మాత్రం ఊపింది తల్లి.